వాట్సాపా, వెబ్‌సైటా, యాపా, ఫోనా: విశాఖ వ్యాపారులు ముందు ఏ దారి తెరవాలి?

విశాఖలో దుకాణమో, క్లినిక్కో, కోచింగ్ సెంటరో నడుపుతున్నవాళ్ళు ఆన్‌లైన్‌లోకి వెళ్దామనుకోగానే అడిగే మొదటి ప్రశ్న ఎంత ఖర్చవుతుందని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మీతో పని పడినప్పుడు మీ కస్టమర్లు ఎక్కడ వెతుకుతారు? వెతికినచోట మీరు కనబడతారా? కనబడ్డాక వాళ్ళ పని అక్కడే అయిపోతుందా, లేక ‘ఫోన్ చేయండి’, ‘ఒకసారి షాపుకి రండి’ అని తిప్పి పంపుతారా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నాలుగు చోట్ల అరకొరగా ఉండేకన్నా ఒక్కచోట పూర్తిగా ఉండడం మేలు. వెబ్‌సైట్లో పాత ఫోన్ నంబరు, ఫేస్‌బుక్‌లో ఎప్పటివో పనివేళలు, వాట్సాప్‌లో రెండు రోజులకొక జవాబు, మోగుతున్నా ఎవరూ ఎత్తని ల్యాండ్‌లైన్. ఇవన్నీ ఉన్నాయని ఓనరు అనుకుంటాడు. కస్టమర్‌కి మాత్రం నాలుగుసార్లు ఉత్తిచేతులతో వెనక్కి వచ్చిన సంగతే గుర్తుంటుంది. అందుకే కింద ఒక్కో దారి బలం, లోటు చెప్పి, ఎవరు దేనితో మొదలుపెడితే బాగుంటుందో చెబుతాను.

అందరికీ తప్పనిది: గూగుల్ మ్యాప్స్‌లో మీ పేరు

దీన్ని మిగతావాటితో పోల్చి ఎంచుకునే పని లేదు. ఏ దారి తెరిచినా, ఆ దారి గుమ్మం గూగుల్‌లోనే ఉంటుంది. ‘మద్దిలపాలెంలో పళ్ళ డాక్టర్’ అని వెతికితే పైన మ్యాప్, కింద మూడు నాలుగు పేర్లు వస్తాయి. చాలామంది అక్కడితో ఆగి ఫోన్ కలిపేస్తారు. ఈ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. మీదేనని వీడియోతోనో ఫోన్‌తోనో రుజువు చేసుకుంటే చాలు. ఒకప్పుడు అందులో కస్టమర్లతో చాట్ చేసే వీలుండేది. 2024 జులై 31తో గూగుల్ దాన్ని తీసేసింది. కాబట్టి ఇప్పుడు అక్కడ మీరిచ్చే ఫోన్ నంబరు, లింకు సరైనవి కాకపోతే మిమ్మల్ని చేరడానికి ఇంకో మార్గం లేదు.

మన ఊళ్ళో డోర్ నంబరు చూసి ఇల్లు కనుక్కునేవాళ్ళు తక్కువ. ‘గురుద్వారా జంక్షన్ దాటాక ఎడమవైపు రెండో సందు’ అంటేనే ఆటోవాడికీ అర్థమవుతుంది. ప్రొఫైల్ వివరణలో ఆ గుర్తు రాయండి. మ్యాప్‌లో పిన్ను వీధి మధ్యలో కాకుండా మీ గేటు దగ్గర పెట్టండి. అక్కయ్యపాలెం, అల్లిపురం లాంటి సందులెక్కువున్న చోట ఇది చాలా అవసరం. సంక్రాంతి వారంలో, దసరాకి మీ వేళలు మారితే ప్రత్యేక వేళలుగా పెట్టే వీలు కూడా అందులోనే ఉంది.

ఇంకో సంగతి మీ కస్టమర్ల డబ్బుకు సంబంధించింది. మ్యాప్స్‌లో మీ వివరాలకు ఎవరైనా సవరణ సూచించవచ్చు. ఈ వీలును వాడుకుని అసలు నంబరు స్థానంలో తమ నంబరు దూర్చిన మోసగాళ్ళు దేశమంతటా ఉన్నారు. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి, దొంగ నంబరుకు ఫోన్ చేసి, ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్న కేసులు కొత్తేమీ కావు. మీ అసలు నంబరు దొరకని చోట ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలోకే వాళ్ళు వస్తారు. నెలకోసారైనా మీ పేరు మీరే వెతికి, కనబడ్డ నంబరు మీదేనో కాదో చూసుకోండి. మోసపోయిన కస్టమర్ మీ దగ్గరికి వస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయమనండి. సైబర్ ఆర్థిక మోసాలకు జాతీయ హెల్ప్‌లైన్ అదే, ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

వాట్సాప్: చేతిలో ఉన్నదే

చిన్న వ్యాపారాల్లో ఎక్కువమందికి నేను ముందు చెప్పేది ఇదే. కొత్తగా ఏదీ దించుకోనక్కర్లేదు, పాస్‌వర్డ్ గుర్తుంచుకోనక్కర్లేదు, రాయడం రానివాళ్ళు వాయిస్ మెసేజ్ పంపుతారు. రాష్ట్ర ప్రభుత్వం కూడా 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే పౌర సేవలు మొదలుపెట్టింది. తొలి విడతలోనే 161 సేవలు పెట్టారు. హాయ్ అని పంపి, మెనూలోంచి కావలసింది నొక్కడం మనవాళ్ళకి అలవాటవుతోంది. ఆ అలవాటు మీకూ పనికొస్తుంది.

ఇందులో రెండు రకాలున్నాయి, తేడా తెలియక కొందరు అనవసరంగా ఖర్చుపెడుతున్నారు. మొదటిది వాట్సాప్ బిజినెస్ యాప్. 2018లో వచ్చింది, ఉచితం. పనివేళలు, సరుకుల కేటలాగు, తరచూ పంపే జవాబులు, షాపు మూసినప్పుడు దానంతటదే వెళ్ళే సందేశం, ఆర్డర్లకు లేబుళ్ళు, అన్నీ ఇందులో ఉన్నాయి. ఫోన్‌తో పాటు మరో నాలుగు పరికరాల్లో తెరుచుకోవచ్చు కాబట్టి కౌంటర్లో కంప్యూటర్ మీద కూడా జవాబివ్వచ్చు. రెండోది బిజినెస్ ప్లాట్‌ఫామ్. పెద్ద సంస్థల కోసం. ఆటోమేటిక్ మెనూలు, పదిమంది స్టాఫ్ ఒకే నంబరు మీద పనిచేయడం దీనితో కుదురుతుంది. ఇక్కడొక నియమం ఉంది: కస్టమర్ చివరి సందేశం వచ్చిన 24 గంటల లోపు మీరేదైనా రాయవచ్చు, ఆ తర్వాత మాత్రం ముందే ఆమోదం పొందిన నమూనా సందేశాలే పంపాలి, వాటికి డబ్బు కట్టాలి. ఒకరిద్దరు కూర్చుని జవాబివ్వగలిగినంత వరకు మొదటిదే చాలు. రెండోదానికి వెళితే, ప్రతి మెనూలోనూ ‘మనిషితో మాట్లాడాలి’ అన్న వరుస తప్పకుండా పెట్టించండి. అది లేని బాట్ (దానంతటదే జవాబిచ్చే ప్రోగ్రామ్) కన్నా బాట్ లేకపోవడమే నయం.

లోట్లూ ఉన్నాయి. మీ చాట్‌లో ఉన్నది గూగుల్‌కి కనబడదు, కాబట్టి కొత్తవాళ్ళు మిమ్మల్ని వాట్సాప్‌లో కనుక్కోలేరు, నంబరు ఇంకెక్కడో దొరకాలి. ఒకరికి చెప్పిన ధర ఇంకొకరికి మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పెట్టిన సందేశం మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. అందరినీ గ్రూపులో వేస్తే సరి అనుకోవద్దు. ఒక కస్టమర్ నంబరు ఇంకో కస్టమర్‌కి తెలిసిపోతుంది, ఆడవాళ్ళకి అది చాలా ఇబ్బంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది సిమ్ సంగతి. షాపు వాట్సాప్ నంబరు నమ్మకమైన కుర్రాడి సొంత సిమ్ మీద మొదలవుతుంది. ఏడాది తర్వాత అతను ఉద్యోగం మానేస్తాడు. బోర్డు మీద, బిల్లు మీద, సంచి మీద ఉన్న నంబరు అతనితో పాటే వెళ్ళిపోతుంది. సిమ్ మీ పేరునో సంస్థ పేరునో తీసుకోండి, రెండంచెల వెరిఫికేషన్ పిన్ మీ దగ్గరే ఉంచుకోండి.

డబ్బు విషయంలో ఒక చిన్న పద్ధతి చాలా గొడవలు తప్పిస్తుంది. ‘డబ్బులు కట్ అయ్యాయి, ఆర్డర్ రాలేదు’ అని వచ్చినప్పుడు స్క్రీన్‌షాట్ చూసి నిర్ణయించకండి, దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేయడం ఎవరికైనా వచ్చు. యూపీఐ లావాదేవీకి 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది. అది అడిగి మీ ఖాతాలో సరిచూసుకోండి. ఆ నంబరు ఎక్కడుంటుందో చూపించే బొమ్మ ఒకటి ముందే తయారుచేసి పెట్టుకుంటే పెద్దవాళ్ళకి సులువు.

సొంత వెబ్‌సైట్: నిలకడగా ఉండేది

వాట్సాప్ మాట్లాడుకోవడానికి, వెబ్‌సైట్ చదువుకోవడానికి. ఫీజు ఎంత, ఆదివారం ఉంటారా, సరుకు తిరిగి తీసుకుంటారా, పార్కింగ్ ఉందా లాంటివి పదిమందికి పదిసార్లు చెప్పే బదులు ఒకసారి రాసిపెడితే రాత్రి రెండింటికి కూడా జవాబు దొరుకుతుంది. స్టీల్‌ప్లాంట్ షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు గాజువాక నిండా ఉన్నారు, వాళ్ళు వెతికే వేళ మీ కౌంటర్ వేళతో కలవదు. డాట్ ఇన్ పేరు మామూలుగా ఏడాదికి వెయ్యి లోపే దొరుకుతుంది. ఒకటి రెండు పేజీల సైటుకి పెద్ద ఖర్చేమీ ఉండదు. అయితే చేయించేటప్పుడు డొమైన్, అంటే ఆ సైటు పేరు, మీ ఈమెయిల్ మీదే నమోదు చేయించండి. సైటు చేసినవాడి ఖాతాలో ఉంటే సిమ్ కథే మళ్ళీ.

తెలుగు సైట్లకు ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది. డీటీపీ సెంటర్లో చేసిన కరపత్రాన్ని ఫోటోగా తెచ్చి సైట్లో అతికిస్తారు. చూడడానికి బాగానే ఉంటుంది. కానీ బొమ్మలోని అక్షరాలతో వెతికి ఆ పేజీని చేరుకోవడం దాదాపు కుదరదు. చూపు లేనివాళ్ళ ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ కూడా వాటిని సరిగా వినిపించలేదు, నంబరు మీద నొక్కితే ఫోన్ కలవదు. డీటీపీలో వాడే పాత అను ఫాంట్లలో టైపు చేసింది కాపీ చేసి పెడితే పిచ్చిగీతలొస్తాయి. అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్‌లో, అసలైన అక్షరాలుగా మళ్ళీ టైపు చేయించండి. కష్టమే, కానీ వెతికితే దొరకడమనేది మొత్తంగా దీని మీదే ఆధారపడి ఉంది. ధరల పట్టిక పీడీఎఫ్‌లో పడేయడం కూడా ఇలాంటిదే. చిన్న ఫోన్‌లో దాన్ని వేళ్ళతో అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి.

మాటలు కూడా కస్టమర్లవే వాడండి. బోర్డు మీద ‘దంత వైద్య నిపుణులు’ అని ఉన్నా, జనం వెతికేది ‘పళ్ళ డాక్టర్’, ‘రూట్ కెనాల్ ఖర్చు’. చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. కాబట్టి పేజీలో తెలుగుతో పాటు ఇంగ్లిష్‌లోనూ సేవల పేర్లు, ఏరియా పేరు ఉండాలి. విశాఖకి సంబంధించి ఇంకో అవసరం ఉంది. ఇక్కడి ఆసుపత్రులకి కోరాపుట్, రాయగడ వైపు నుంచి రోగులొస్తారు, నేవీ కుటుంబాలు మల్కాపురం వైపు చాలానే ఉన్నాయి. వైద్యం, అద్దె ఇళ్ళు, స్కూళ్ళ వ్యాపారమైతే హిందీలో ఒక పేజీ, వీలైతే ఒడియాలో కనీసం దారి, వేళలు, నంబరు పెట్టండి.

పాడేరు, అరకు నుంచి చూసేవాళ్ళకి సిగ్నల్ బలహీనం. మొదటి పేజీలో బీచ్ డ్రోన్ వీడియో తిరుగుతుంటే వాళ్ళకి తెల్ల తెర తప్ప ఏదీ కనబడదు. ఆ వీడియో తీసేయండి, దాని కోసం డబ్బిచ్చి ఉన్నా సరే.

కంటికి, వేలికి అందడం గురించి అంతర్జాతీయ ప్రమాణాలే ఉన్నాయి. డబ్ల్యూసీఏజీ అంటారు, 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చింది. సైటు చేసేవాళ్ళతో మాట్లాడేటప్పుడు అందులోవి కొన్ని గట్టిగా అడగండి. మామూలు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి, లేత బూడిద రంగు అక్షరాలు పెద్ద వయసు కళ్ళకి ఆనవు. నొక్కే బటన్ కనీసం 24 పిక్సెళ్ళు ఉండాలి, నేనైతే దానికి రెట్టింపు అడుగుతాను. ఒకసారి ఇచ్చిన వివరాన్ని అదే పనిలో మళ్ళీ అడగకూడదు. సాయం కోసం పెట్టిన నంబరు, చాట్ లింకు ప్రతి పేజీలోనూ ఒకే వరుసలో, ఒకే చోట ఉండాలి. ఈ చివరిది పాటించడానికి పైసా ఖర్చు లేదు, అయినా ఎక్కువగా గాలికి వదిలేసేది ఇదే. ఇక తెలుగుకి నేను కలిపేదొకటి: వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వమనండి. ఇంగ్లిష్ లెక్కలో వదిలితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి.

ఆన్‌లైన్‌లో అమ్మకాలు చేస్తుంటే చట్టం సంగతీ ఉంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదులు చూసే అధికారి పేరు, ఫోన్, ఈమెయిల్ సైట్లో కనబడేలా ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కస్టమర్లను మాయచేసే డిజైన్ల మీద 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 రకాల మాయలను తప్పుపట్టాయి. చేరడం ఒక్క నొక్కుతో, మానేయడం మాత్రం పది మెట్లతో పెట్టడం వాటిలో ఒకటి. జిమ్ముల వాళ్ళూ, ఆన్‌లైన్ కోచింగ్ వాళ్ళూ దీన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. కళ్ళు కనబడనివాళ్ళు, యాసిడ్ దాడి బాధితులు ఈ-కేవైసీలో, అంటే ఆన్‌లైన్‌లో గుర్తింపు రుజువు చేసుకోవడంలో, పడుతున్న అవస్థల మీద వచ్చిన తీర్పది. వాళ్ళు మన కస్టమర్లు కూడా.

యాప్: చాలామందికి అక్కర్లేదు

వారానికి రెండు మూడుసార్లు వాడే పని ఉంటేనే జనం ఫోన్‌లో చోటిస్తారు. పాలు, మందులు, రోజువారీ టిఫిన్ లాంటివాటికి యాప్ ఆలోచించవచ్చు. ఏడాదికి రెండుసార్లు వచ్చే చీరల షాపు కస్టమర్ మీ యాప్ దించుకోడు, దించినా ఫోన్ నిండిందని ముందు తీసేది దాన్నే. ప్లే స్టోర్లో నమోదుకి ఒకసారి 25 డాలర్లే, ఆపిల్‌కి ఏడాదికి 99. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. కొత్త ఆండ్రాయిడ్ వచ్చినప్పుడల్లా సరిచేయించాలి, దానికి మనిషిని పోషించాలి. యాప్ చేయిద్దామన్న డబ్బుతో జవాబులిచ్చే ఒక మనిషిని పెట్టుకోమని చెబుతాను.

ఫోన్: పాతదే, కానీ పోయేది కాదు

కంగారులో ఉన్నవాళ్ళు టైపు చేయరు. పిల్లాడికి జ్వరం, గీజర్‌లోంచి పొగ, రైలుకి టైమైంది క్యాబ్ రాలేదు, ఇలాంటప్పుడు గొంతు వినబడాలి. వృద్ధులకీ అంతే. 0891తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ చూస్తే ‘వీళ్ళకి ఊళ్ళో ఒక చోటుంది’ అన్న నమ్మకం ఇప్పటికీ కలుగుతుంది.

రికార్డింగ్ మెనూ పెడితే తెలుగు మొదట రావాలి, మూడు అంకెలకి మించకూడదు. ఎత్తలేకపోయిన కాల్స్‌కి అదే రోజు తిరిగి చేసే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఫోన్‌కున్న పెద్ద లోటు రాతలో ఏదీ మిగలకపోవడం. మాట్లాడాక ‘మీ ఏసీ సర్వీసు బుధవారం సాయంత్రం, ఇంత రేటు’ అని వాట్సాప్‌లో ఒక వాక్యం పంపితే ఆ లోటు తీరుతుంది, మాట తేడా కూడా రాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు పనిచేయక ఊరు ఊరంతా ఎలా ఉందో చూసినవాళ్ళం. అలాంటప్పుడు ఏ దారీ పనిచేయదు. కాబట్టి మందులు, డయాలసిస్, ఆక్సిజన్ లాంటి సేవలందించేవాళ్ళు చిరునామా, తెరిచే వేళలు, తుఫాను రోజుల్లో ఎక్కడికి రావాలో బిల్లు వెనక ముద్రించి ఇవ్వాలి.

ఎవరు దేనితో మొదలుపెట్టాలి

ముందు మీ దగ్గరికి ఈ వారంలో వచ్చిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాయండి. సగానికి పైగా ఒకేలాంటి ప్రశ్నలైతే వెబ్‌సైట్ ముందు. ఒక్కొక్కరిది ఒక్కో తీరైతే, ఫోటో చూపించి అడిగేవైతే వాట్సాప్ ముందు. అత్యవసరాలైతే ఫోన్.

డాక్టర్ క్లినిక్‌కి ఫోనూ వాట్సాపూ కలిసి ఉండాలి, టోకెన్ ఫోన్‌లో ఇచ్చి సమయం వాట్సాప్‌లో పంపడం బాగా నడుస్తుంది. రిపోర్టులు పంపే ముందు నంబరు రోగితో చదివించుకుని సరిచూడండి, ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళితే దిద్దుకోలేం. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లకు వెబ్‌సైటే ముందు: ఫీజు, బ్యాచ్ తేదీలు, మానేస్తే ఎంత తిరిగిస్తారు, ఈ మూడూ దాచకుండా ఉండాలి. తల్లిదండ్రులు శ్రీకాకుళంలోనో పార్వతీపురంలోనో కూర్చుని చదివేది అదే. జగదాంబ, పూర్ణా మార్కెట్ దుకాణాలకు వాట్సాప్ కేటలాగు చాలు, ధర రాయకుండా ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అనడం మానేస్తే సగం సందేశాలు తగ్గుతాయి. ఏసీ, ఆర్‌వో రిపేరు చేసేవాళ్ళకు గూగుల్ ప్రొఫైలూ ఫోనూ తప్ప ఇంకేం వద్దు, ఏయే ఏరియాలకు వస్తారో మాత్రం పేర్లతో రాయాలి. పెందుర్తి వస్తారా, మధురవాడ వస్తారా అన్నదే వాళ్ళకొచ్చే మొదటి ప్రశ్న.

దారి తెరిచాక ఒక పరీక్ష పెట్టండి. మీ స్టాఫ్‌లో లేని, అరవై దాటిన ఒకరికి వాళ్ళ ఫోనే ఇచ్చి, ‘మా షాపు రేపు తెరుస్తారో లేదో కనుక్కోండి, ఒక సరుకు మార్చుకోవాలంటే ఎవరిని అడగాలో చూడండి’ అని చెప్పి పక్కన కూర్చోండి. నోరు మెదపకండి. ‘ఇక్కడ నొక్కండి’ అనాలనిపించిన ప్రతిచోటా మీ సైట్లోనో మెనూలోనో ఒక లోపముంది. రాసుకుని, సరిచేసి, వేరే ఒకరితో మళ్ళీ చూడండి. తెలిసినవాళ్ళతో రెండోసారి చేయిస్తే వాళ్ళకప్పటికే దారి తెలిసిపోయి ఉంటుంది.

రుషికొండ, భీమిలి వైపు హోమ్‌స్టేలు నడిపేవాళ్ళకు మాత్రం సలహా కొంచెం వేరు. వాళ్ళ కస్టమర్లు బయటి ఊరివాళ్ళు, ముందు చూసేది బుకింగ్ సైట్లలో. అయినా ఒక్క పేజీ సొంత సైటు ఉండాలి, ఎందుకంటే నమ్మకం కోసం పేరు మళ్ళీ గూగుల్‌లో వెతుకుతారు. అందులో రద్దు చేసుకుంటే డబ్బు ఎలా వస్తుందో, అర్ధరాత్రి చేరితే ఎవరికి ఫోన్ చేయాలో రాయండి. గుర్తింపు కార్డు వాట్సాప్‌లో అడిగితే నంబరు కొంత కప్పి ఉండే మాస్క్‌డ్ ఆధార్ పంపమనండి, అతిథి వెళ్ళాక అక్కర్లేని ఫోటోలు తీసేయండి.